రాత్రి పదయినా చల్లబడని స్లాబు: వేడి ఏ దారిన వస్తోంది, ఎక్కడ ఆపాలి?

మేడమీదిగది (విజయవాడ):

మాది విజయవాడలో రెండు వాటాల సొంత ఇల్లు. మేము పై వాటాలో ఉంటున్నాము, మా నెత్తిన ఐదంగుళాల స్లాబు తప్ప మరే కప్పూ లేదు. ఏప్రిల్ చివరి నుంచి తొలకరి పడేదాకా మా ఇబ్బంది పగటి కన్నా రాత్రిపూటే ఎక్కువ. సాయంత్రం ఏడు దాటాక వీధిలో గాలి కాస్త తేలికపడుతుంది గాని, పడకగదిలో పదకొండు గంటలకు కూడా పైనుంచి సెగ తగులుతూనే ఉంటుంది. తాకకుండానే దూరం నుంచి వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రాత్రి పదింటికి చూస్తే గదిలో గాలి 35 డిగ్రీలు ఉండగా సీలింగు 42 డిగ్రీలు చూపించింది.

ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన ఫాల్స్ సీలింగు వేయించమంటున్నారు. మేస్త్రి పైన తెల్ల టైల్స్ పరిపించమంటున్నాడు. పక్కింటివారు పెయింటు వేయించుకున్నారు. మా నాన్నగారేమో సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు కొడితే చాలునంటారు. డబ్బు ఒక్కసారే పెట్టగలను కనుక, ఏది ఎంత మేలన్నది చెప్పే ముందు వేడి ఏ దారిన గదిలోకి దిగుతోందో తెలిసినవారు వివరించగలరా?

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

వేడి కదిలే మార్గాలు మూడేనని బడిలోనే చదువుకున్నాము: వహనం (వస్తువు లోపల ఒక పొర నుంచి మరో పొరకు పాకడం), సంవహనం (కదిలే గాలో నీరో మోసుకుపోవడం), వికిరణం (కిరణాలుగా నేరుగా రావడం). మీ ఇంట్లో ఈ మూడూ ఒకదాని వెనుక ఒకటి పనిచేస్తున్నాయి కనుక, ఎండ దగ్గర మొదలుపెట్టి మీ ఒంటి దాకా వరుసగా చూద్దాము.

మే నెల మిట్టమధ్యాహ్నం మబ్బు లేనప్పుడు ఒక చదరపు మీటరు డాబా మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. పాతబడిన సిమెంటు ఉపరితలం అందులో 300 వాట్ల దాకా వెనక్కి పంపి, మిగిలిన 700 తాగేస్తుంది. తాగినదానిలో ఎక్కువ భాగం పైనున్న గాలికీ ఆకాశానికీ తిరిగి పోతుంది గాని, మిగతాది వహనం ద్వారా స్లాబులోకి దిగుతుంది. కాంక్రీటు ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, మీటరుకు, డిగ్రీకి దాదాపు 1.6 వాట్లు, ఉక్కుకు అది 50 ప్రాంతంలో ఉంటుంది, థర్మకోలుకు 0.035 మాత్రమే. కాబట్టి కాంక్రీటు మంచి వాహకమూ కాదు, మంచి నిరోధకమూ కాదు, మధ్యస్థంగా ఉండి రెండు రకాలుగానూ మనల్ని ఇబ్బంది పెడుతుంది.

కింది పొర వేడెక్కాలంటే దానికి పైనున్న పొర ముందు వేడెక్కాలి. ఫోరియే 1822లో ప్రచురించిన ఉష్ణవహన సమీకరణంతో లెక్కిస్తే, రోజుకొకసారి వచ్చిపోయే ఈ ఎండ తరంగం ఐదంగుళాల కాంక్రీటును దాటడానికి మూడు గంటల పైచిలుకు పడుతుంది. డాబా పైభాగం మధ్యాహ్నం ఒకటిన్నరకు బాగా కాగితే, అడుగు భాగం అయిదు గంటల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. మీరు ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళకు సీలింగు మంచి జోరు మీద ఉంటుందన్నమాట.

ఇక నిల్వ సంగతి. పన్నెండడుగుల చదరపు గదికి పైనున్న ఐదంగుళాల స్లాబు బరువు దాదాపు నాలుగు టన్నులు. కాంక్రీటు విశిష్టోష్ణం, అంటే కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, 880 జౌళ్లు కనుక, ఆ స్లాబు 15 డిగ్రీలు వేడెక్కిందంటే దానిలో చేరిన వేడి సుమారు 15 యూనిట్ల కరెంటుకు సమానం. రాత్రి ఈ వేడిలో కొంత పైకీ కొంత కిందికీ పోతుంది. గదిలో ఉన్న గాలి మొత్తం బరువు 50 కిలోల లోపే. దాన్ని ఒక డిగ్రీ చల్లబరచడానికి కావలసిన శ్రమకు, స్లాబును ఒక డిగ్రీ చల్లబరచడానికి కావలసిన శ్రమ డెబ్బై రెట్లకు మించి ఉంటుంది. కిటికీలన్నీ తీసినా గది త్వరగా దారికి రాకపోవడానికి కారణం ఇదే: గాలి మారుతోంది, స్లాబు మారడం లేదు.

చివరి అంచె వికిరణం. స్టెఫాన్ 1879లో చెప్పిన సూత్రం ప్రకారం ప్రతి వస్తువూ తన పరమ ఉష్ణోగ్రత (మైనస్ 273 డిగ్రీలను సున్నాగా తీసుకుని లెక్కించేది) నాలుగో ఘాతానికి అనులోమంగా వేడిని వెదజల్లుతుంది. మీరు కొలిచిన 42 డిగ్రీల సీలింగుకూ 35 డిగ్రీల ఒంటికీ, గోడలకూ మధ్య ఈ తేడా చదరపు మీటరుకు 40 వాట్లకు కాస్త పైన వస్తుంది. గది మొత్తానికి లెక్కిస్తే అర కిలోవాటు దాటుతుంది. ఇది గాలి ద్వారా కాక నేరుగా మీ మీదికే వస్తుంది. ఫ్యాను దీన్ని ఆపలేదు.

లెక్కలరాయుడు (హైదరాబాద్):

మాస్టారూ, రెండు సందేహాలు. మొదటిది, అంత మందపు కాంక్రీటు ఉండి కూడా వేడిని ఆపలేకపోతోందంటే నమ్మశక్యంగా లేదు. రెండోది, ఫ్యాను వేడిని ఆపలేదన్నారు సరే, పెంచుతుందా తగ్గిస్తుందా?

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

మొదటిదానికి జవాబు: మందాన్ని వాహకతతో భాగిస్తే నిరోధం వస్తుంది. ఐదంగుళాల కాంక్రీటుకు అది 0.08. సీలింగు కింద అంటుకుని కదలకుండా ఉండే పలుచని గాలి పొర నిరోధం 0.16, అంటే దానికి రెట్టింపు. రెండంగుళాల థర్మకోలు తీసుకుంటే 1.4 దాటుతుంది. కళ్లకు గట్టిగా కనిపించేదంతా వేడికి గట్టి అడ్డు కాదు. వేడికి అడ్డం పడేది ఎక్కువగా బంధించిన గాలే. థర్మకోలు, దూది, గాజు ఉన్ని, తాటాకు కప్పు, ఇవన్నీ గాలిని చిన్న చిన్న అరల్లో కదలకుండా పట్టి ఉంచడం వల్లే పనిచేస్తాయి. గాలి వాహకత 0.026 మాత్రమే, కానీ దాన్ని స్వేచ్ఛగా వదిలేస్తే సంవహనంతో వేడిని మోసుకుపోతుంది.

రెండోదానికి జవాబు కాస్త చిక్కుగా ఉంటుంది. ఫ్యాను సీలింగును ఆనుకున్న వేడి గాలి పొరను చెదరగొట్టి కిందికి తోస్తుంది, కనుక స్లాబు నుంచి గది గాలిలోకి వచ్చే వేడిని అది పెంచుతుంది. మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది; గాలి అంతకు మించి వేడిగా ఉంటే, తాకిన గాలి మనకు వేడినే ఇస్తుంది. అయినా హాయిగా అనిపించేది చెమట ఆరడం వల్ల. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. కాబట్టి చెమట పడుతున్నంతసేపూ, అది ఆరుతున్నంతసేపూ ఫ్యాను మేలే చేస్తుంది. గాలి 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను నష్టం చేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. మేడమీదిగది గారి విజయవాడలో అసలు చిక్కు ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఫ్యాను తిరిగినా లాభం తక్కువే.

సైటుమీద (గుంటూరు):

నేను సివిల్ పనులు చూసేవాడిని. మాస్టారు చెప్పినదాన్నిబట్టి నిర్ణయం ఒకటే: ఎండను స్లాబులోకి దిగకముందే ఆపాలి. స్లాబు ఒకసారి వేడెక్కాక కింద ఏమి చేసినా అది తరువాతి మాటే.

అందుకే మొదటి ఓటు తెల్ల పూతకు. మంచి కూల్ రూఫ్ పెయింటు కొత్తలో ఎండలో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. అంటే స్లాబు తాగే 700 వాట్లు 200కు దిగుతాయి. దుమ్ము పట్టి పాతబడితే 60 శాతం ప్రాంతానికి వస్తుంది. అప్పుడు కూడా తాగేది 400, అంటే ఏమీ వేయనిదానికన్నా బాగా తక్కువే. ఏటా ఉగాదికి ముందు ఒకసారి చీపురుతో, నీళ్లతో కడిగితే పోయినదానిలో చాలావరకు తిరిగి వస్తుంది.

అయితే పెయింటు డబ్బా కొన్నంత మాత్రాన సరిపోదు. నేను చూసిన పనుల్లో పూత పెచ్చులూడినవన్నీ కింది తలం సరిగా తయారు చేయనివే. ముందుగా నాచును వైరు బ్రష్షుతో గీకాలి. బీటలున్న చోట కోసి నింపాలి. పిట్టగోడ స్లాబును కలిసే మూలలో గుండ్రంగా గోలా తీర్చాలి, ఎందుకంటే నీరు దిగేది ఎక్కువగా అక్కడే. తరువాత ప్రైమరు, అది పూర్తిగా ఆరాక రెండు కోట్లు, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. లోపలి గోడలకు వేసే డిస్టెంపరును పైన వేసేవారిని చూశాను, అది ఒక్క వానాకాలానికి కూడా నిలవదు. చేతిలో డబ్బు బొత్తిగా లేకపోతే సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేసుకోండి, ఒక వేసవి గడుస్తుంది.

తెల్ల టైల్స్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. ఎక్కువ కాలం మన్నుతాయి, ఖర్చు ఎక్కువ. పగిలిన తెల్ల టైలు ముక్కలతో వేసే చైనా మొజాయిక్ నాకు ఇంకా ఇష్టం. కీళ్ల దగ్గర విడిపోకుండా వాలు చక్కగా కుదురుతుంది. డాబా మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునేవారికి, పిల్లలు ఆడుకునే ఇళ్లకు టైల్సే నయం, పెయింటు నడకకు అరిగిపోతుంది.

పల్నాటిఎండ (మాచర్ల):

మెరిసే అల్యూమినియం పూత వేయించమని ఒక వ్యాపారి మా ఊళ్లో అందరికీ చెబుతున్నాడు. తెలుపు కన్నా వెండి ఎక్కువ మెరుస్తుంది కదా, ఎండను ఇంకా బాగా వెనక్కి కొడుతుందా?

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

కొట్టినా సరే, తెలుపే మేలు. ఉపరితలానికి రెండు గుణాలుండాలి: ఎండను వెనక్కి పంపడం ఒకటి, తాగిన కొద్దిపాటి వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశానికి వదలడం రెండోది. ఈ రెండోదాన్ని ఉద్గారత అంటారు. తెల్ల పెయింటుకు అది 0.9 దాకా ఉంటుంది. మెరుగుపెట్టిన అల్యూమినియానికి 0.05 మాత్రమే. అందుచేత అల్యూమినియం తాగేది తక్కువైనా వదిలేది మరీ తక్కువ, కనుక ఎండలో అది తెల్ల పూత కన్నా వేడిగా నిలుస్తుంది. మేడమీదిగది గారు వాడిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును మాత్రం మెరిసే లోహం మీద గురిపెట్టకండి, అది ఉద్గారత ఎక్కువనుకుని లెక్కకట్టి చాలా తక్కువ అంకె చూపిస్తుంది. ఆ అంకె చూపించి పూత అమ్మేవారు కూడా ఉన్నారు.

రాత్రిపూట ఈ ఉద్గారత విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నిర్మలమైన, పొడి ఆకాశం కింద చదరపు మీటరు డాబా 50 నుంచి 100 వాట్ల దాకా పైకి వదలగలదు. గాలిలో తేమ పెరిగిన కొద్దీ ఆ ఆవిరి కొంత వేడిని తిరిగి కిందికి పంపుతుంది. మా హనుమకొండ డాబాలు తెల్లవారేసరికి చల్లబడినంతగా విజయవాడలో కృష్ణ ఒడ్డు డాబాలు చల్లబడకపోవడానికి ఇదొక కారణం.

సీమమిద్దె (అనంతపురం):

మా పాత మిద్దెల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. దూలాల మీద దంతెలు (చిన్న అడ్డకర్రలు), వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆకు అలము వేసి, పైన అడుగు మందాన మట్టి, ఆ పైన చవుడు (ఉప్పు మన్ను). మే నెలలో కూడా లోపల మధ్యాహ్నం నిద్ర పడుతుంది. మట్టి కూడా కాంక్రీటులాగా వేడిని నిల్వ చేసుకునేదే గదా, మరి రాత్రి అది ఎందుకు సెగ వదలదు?

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

చాలా మంచి ప్రశ్న. ఎండ తరంగం ఏ పదార్థంలోనైనా లోతుకు వెళ్లిన కొద్దీ ఆలస్యం కావడమే కాదు, చిక్కిపోతుంది కూడా. ఐదంగుళాల కాంక్రీటు దాటేసరికి ఆ ఊగిసలాట పైనున్నదానిలో దాదాపు నలభై శాతం మిగులుతుంది. అడుగు మందపు పొడి మట్టి దాటేసరికి పదో వంతు కూడా మిగలదు, అదీ తొమ్మిది పది గంటల ఆలస్యంతో. డాబా పైభాగం రోజులో 30 డిగ్రీలు ఎక్కి దిగితే, స్లాబు కింద 12 డిగ్రీల ఊపు ఉంటుంది. మీ మిద్దె కింద రెండు మూడు డిగ్రీలకు మించదు. లోపలి కప్పు పగలూ రాత్రీ సగటు ఉష్ణోగ్రత దగ్గరే నిలకడగా ఉంటుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ మిద్దెలో ఉన్నవారి అనుభవానికి సరిపోతుంది.

మరి కాంక్రీటునే అడుగు మందం పోస్తే సరిపోదా అని లెక్కలరాయుడు గారు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను: చదరపు మీటరుకు 700 కిలోలు దాటుతుంది, దాన్ని మోసే దూలాలకూ పునాదికీ అయ్యే ఖర్చుతో ఇంకో గది కట్టుకోవచ్చు.

లెక్కలరాయుడు (హైదరాబాద్):

నేను అడగబోయింది అదే. సరే, ఇక్కడి సంగతి ఒకటి చేరుస్తున్నాను. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఈ పద్ధతిలోకి తేవాలన్నది లక్ష్యం. నివాస భవనాల్లో 600 చదరపు గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికి తప్పనిసరి, అంతకు లోపువారికి ఐచ్ఛికం. హైదరాబాద్ ప్రాంతంలో కొలతలు తీసి 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఏసీ నడిచే భవనాల్లో పూత లేని కాంక్రీటు కప్పుకు తెలుపు వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు, నల్ల కప్పుకు వేస్తే 20 నుంచి 22 యూనిట్లు ఆదా అయినట్లు అందులో తేలింది. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. ఇల్లంతా ఏసీ నడిపేవారికి ఏడాదికి 1200 యూనిట్ల పైమాట.

మేడమీదిగది గారికి ఏసీ ఒక్క గదిలోనే ఉంటుందనుకుంటాను, కనుక కరెంటు బిల్లులో ఇంత కనిపించకపోవచ్చు. ఆయనకు దక్కేది నిద్ర.

మేడమీదిగది (విజయవాడ):

అవునండీ, ఒక్క గదిలోనే ఉంది. ఏసీ 24 మీద పెట్టినా మొదటి రెండు గంటలు ఒళ్లు చల్లబడినట్లు అనిపించదు. అది కూడా సీలింగు వల్లనేనా? ఫాల్స్ సీలింగు సంగతి ఎవరైనా తేల్చి చెప్పండి, ఇంటీరియర్ ఆయన రోజూ ఫోను చేస్తున్నారు.

సైటుమీద (గుంటూరు):

ఏసీ చల్లబరిచేది గాలిని. ఒంటికి తెలిసే వేడి మాత్రం గాలికీ చుట్టూ ఉన్న ఉపరితలాలకూ ఇంచుమించు సగటు. గాలి 26 డిగ్రీలు, సీలింగు 42 డిగ్రీలు అయితే పైముఖంగా పడుకున్నవారికి 26లో ఉన్నట్లు ఎలా అనిపిస్తుంది?

ఫాల్స్ సీలింగు పనికిరానిది కాదు. జిప్సం పలక, దాని మీద మూసిన గాలి ఖాళీ కలిపితే స్లాబు నుంచి గదిలోకి దిగే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది, ముఖ్యంగా ఆ పలక సీలింగును మీ కళ్లకు కనబడకుండా చేసి వికిరణాన్ని అడ్డుకుంటుంది. కానీ స్లాబు మునుపటిలాగే కాగుతుంది. ఇంకా చెప్పాలంటే కిందికి వదిలే దారి తగ్గింది కనుక ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే కాగుతుంది. ఆ కాగడంతో వచ్చే మరో చిక్కు గురించి ఇంటీరియర్ వారు చెప్పరు. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ జరిగే ఈ సాగుడుకు పిట్టగోడ కింద, గోడ పైవరుసలో బీటలు వస్తాయి. పైనుంచి తెల్లపూత వేస్తే ఈ సాగుడు కూడా తగ్గుతుంది. ఫాల్స్ సీలింగుతో తగ్గదు.

టెక్సస్‌తెలుగు (ఆస్టిన్):

ఇక్కడ ఎండ మన కోస్తాకు తీసిపోదు. ఇళ్లకు స్లాబు ఉండదు, ఏటవాలు చెక్క కప్పు, దాని కింద అటక. అటక నేల మీద అడుగు మందాన గాజు ఉన్నో కాగితపు నారో పరుస్తారు, కప్పు అడుగున మెరిసే రేకు కాగితం బిగిస్తారు. రేకు సూత్రం మీకు కూడా ఉపయోగపడవచ్చు: మాస్టారు చెప్పిన తక్కువ ఉద్గారత డాబా పైన దోషం, స్లాబు అడుగున గుణం. కాగిన స్లాబు అడుగున మెరిసే రేకు ఉంటే అది కిందికి వికిరణం చేయలేదు. అయితే రేకుకు ముందు గాలి ఖాళీ ఉండి తీరాలి; ప్లాస్టరు మధ్యలో ఇరికిస్తే అది మామూలు లోహమే, వేడి వహనంతో హాయిగా దాటిపోతుంది. మెరిసే ముఖం కిందికి ఉండేలా బిగించండి, పైకి ఉంటే దుమ్ము పేరుకుని గుణం పోతుంది.

లెక్కలరాయుడు (హైదరాబాద్):

ఫాల్స్ సీలింగు లేకుండా నేరుగా సీలింగుకే రేకు అతికిస్తేనో?

టెక్సస్‌తెలుగు (ఆస్టిన్):

భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది, గది గాలే ఆ ఖాళీ అవుతుంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. దాని మీద రంగు వేశారా, ఉద్గారత మళ్లీ 0.9, డబ్బు వృథా.

పల్నాటిఎండ (మాచర్ల):

నీళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. మా ఇంట్లో సాయంత్రం గోనెసంచులు తడిపి డాబా మీద పరుస్తాము, బాగానే ఉంటుంది. మేడమీదిగది గారి నాన్నగారిది పాతకాలపు మాటగా తీసిపారేయకండి.

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

తీసిపారేయడం కాదు, లెక్క కూడా ఆయన పక్షానే ఉంది, ఒక్క సవరణతో. స్లాబును పది డిగ్రీలు చల్లబరచాలంటే చదరపు మీటరుకు 26 లక్షల జౌళ్లు తీయాలి. ఒక లీటరుకు కాస్త పైన నీరు ఆవిరైతే చాలు. అదే నీటిని బకెట్టుతో కుమ్మరిస్తే అది డాబా మీద జారి, ఇరవై డిగ్రీలు వేడెక్కి గొట్టంలోంచి కిందికి పోతుంది. అలా పోయే లీటరు తీసుకెళ్లేది 84 వేల జౌళ్లే, దాదాపు ముప్పయ్యో వంతు. కాబట్టి నీరు పారకూడదు, అక్కడే ఉండి ఆరాలి. తడి గోనెసంచి చేసే పని అదే. ఎండ తగ్గి, డాబా మీద నీడ పడ్డాక తడపండి. మిట్టమధ్యాహ్నం కాగిన స్లాబు మీద చన్నీళ్లు పోస్తే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని సన్న బీటలు పెరుగుతాయి.

మాచర్లలో గాలి పొడి, నీరు త్వరగా ఆరుతుంది. విజయవాడలో మెల్లగా ఆరుతుంది, ఫలితం తగ్గుతుంది గాని పోదు. అడ్డు వచ్చేది వేసవిలో నీటి కరువే.

మిద్దెతోట (రాజమహేంద్రవరం):

మా డాబా సగం కుండీలు, గ్రో బ్యాగులతో నిండి ఉంటుంది, కింద ఆ సగం గదులు తేడాగా తెలుస్తాయి. ఆకులు నీడనిస్తాయి, నీటిని ఆవిరి చేస్తాయి. పైన గ్రీన్ నెట్ కూడా కట్టాము. మేడమీదిగది గారు పెయింటు బదులు తోట పెట్టుకోవచ్చు కదా?

సైటుమీద (గుంటూరు):

తోట మంచిదే, బరువు మాత్రం చూసుకోండి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. ఆరంగుళాల తడి మట్టి ఒక్కటే 250 కిలోలు తూగుతుంది. కుండీలను గోడల వెంట, దూలాల మీదుగా పెట్టండి, గది నడిబొడ్డున మడి కట్టకండి. గ్రీన్ నెట్ కూడా డాబాకు ఆనకుండా తలెత్తు పైన ఉంటేనే నయం. కింద గాలి ఆడాలి, నెట్ తాను కాగిన వేడి గాలికే పోవాలి. రాత్రికి దాన్ని పక్కకు లాగే వీలుంటే డాబాకు ఆకాశం కనబడుతుంది, త్వరగా చల్లబడుతుంది.

మేడమీదిగది గారూ, మీ ఖర్చుకు నా వరుస ఇది: ముందు తెల్ల పూత, లీకులు చూసుకుని. ఒక వేసవి గడిచాక కూడా పడకగది సరిపోకపోతే ఆ ఒక్క గదికే రేకు బిగించిన ఫాల్స్ సీలింగు. స్లాబు పైన రెండంగుళాల నిరోధక పలకలు వేసి, వాటి మీద టైల్స్ వేయడం అన్నిటికన్నా ఉత్తమం, కానీ అది వాటర్‌ప్రూఫింగుతో కలిపి చేయవలసిన పని, కొత్తగా కట్టేవారు తప్పక ఆలోచించాలి. పడమటి గోడకు ఎండ తగిలితే ఆ గోడ బయట కూడా లేత రంగే వేయండి.

మేడమీదిగది (విజయవాడ):

అందరికీ ధన్యవాదాలు. పూతే వేయిస్తున్నాను, ఇంటీరియర్ ఆయనకు వచ్చే ఏడు చూద్దామని చెప్పాను. నాన్నగారికి లీటరు లెక్క చదివి వినిపించాను, గోనెసంచుల కోసం అప్పుడే బియ్యం కొట్టుకు కబురు పెట్టారు.

ఇంకొక్క సందేహం మిగిలింది. డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. సాయంత్రం కుళాయి తిప్పితే మొదట చెయ్యి కాలుతుంది, కాసేపటికి గోరువెచ్చగా వస్తుంది. ట్యాంకుకు కూడా తెల్ల పూత వేయాలా?

రిటైర్డు లెక్చరరు (హనుమకొండ):

వేయండి, అయితే చెయ్యి కాల్చేది ట్యాంకు కాదు. నీటి విశిష్టోష్ణం కాంక్రీటుకు అయిదు రెట్లకు దగ్గరగా ఉంటుంది. వెయ్యి లీటర్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికే ఒక యూనిట్ పైన వేడి కావాలి. నిండు ట్యాంకు రోజంతా ఎండలో ఉన్నా నాలుగైదు డిగ్రీలు పెరగడం ఎక్కువ. సగం ఖాళీగా ఉంటే దానికి రెట్టింపు పెరుగుతుంది, కనుక మధ్యాహ్నానికి ముందే నింపి ఉంచండి. మొదట వచ్చే కాగిన నీళ్లు డాబా మీద ఎండలో పరుచుకున్న గొట్టంలోవి. అంగుళం గొట్టంలో మీటరుకు అర లీటరు పడుతుంది. మీ డాబా మీద ఇరవై మీటర్లు తిరిగి ఉంటే పది లీటర్లు, అవి పోగానే ట్యాంకు నీరు వస్తుంది. ఆ గొట్టానికి నురుగు తొడుగు వేయించి, తొడుగు మీద తెల్ల టేపు చుట్టించండి. తొడుగు ఎండకు రెండేళ్లలో పొడిగా రాలిపోతుంది, టేపు దాన్ని కాపాడుతుంది.